బండికి ఫ్యాను బిగించిన వేసవి

నీకూ నీ బండికీ ఒకటే జబ్బు అంటుంది మా ఆవిడ. కదులుతూ ఉంటే ఇద్దరూ బాగానే ఉంటారట, ఆగితేనే వేడెక్కిపోతారట. ఆ మాట అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. కోపం వచ్చిందంటే ఆమె మాట నిజమైనట్టే కాబట్టి ఇంకా కోపం వస్తుంది.

బండి విషయంలో మాత్రం ఆమె చెప్పింది నిజమే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు వందల సీసీ బండి అది. ముందు చక్రం వెనకాల అరచేతి కంటే కాస్త పెద్ద రేడియేటరు ఉంటుంది. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్ళు అందులోకి వస్తే ఎదురుగాలికి చల్లబడి మళ్ళీ లోపలికి వెళ్తాయి. గాలి తగలనప్పుడు ఆ పని చెయ్యడానికి వెనక ఒక ఫ్యాను ఉండాలి. నాకు అమ్మినవాడు హైవే మీద తప్ప నడపలేదేమో, కాలిపోయిన ఫ్యాను పీకి పారేసి, ఆ సంగతి నాకు చెప్పకుండా బండి అంటగట్టాడు.

రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చెయ్యడం నా ఉద్యోగం. ల్యాబు బందరులో ఉంది. పొద్దున్నే ఐసు పెట్టె వెనక కట్టుకుని ఒకరోజు బంటుమిల్లి వైపు, ఒకరోజు అవనిగడ్డ మీదుగా నాగాయలంక, ఇంకోరోజు హంసలదీవి దగ్గరి చెరువులు తిరుగుతాను. నీళ్ళలో ఉప్పెంతుందో గట్టు మీదే చూసి చెప్తాను. మిగతా పరీక్షలకి సీసాల్లో నీళ్ళు పట్టుకుని ఐసు కరిగేలోగా ల్యాబుకి చేర్చాలి. ఒకచోట పది నిమిషాలు కూర్చోమంటే నాకు ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది. అందుకే ఈ ఉద్యోగం నాకు బాగా కుదిరింది.

కుదరనిది బండికే. చెరువు గట్ల మీద రెండో గేరు దాటి వెళ్ళలేం. గట్టు దిగి రోడ్డెక్కామా, ముందు గడ్డి ట్రాక్టరు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రోడ్డంతా అదే. హారను కొడితే డ్రైవరుకి వినపడదు, వినపడినా పక్కకి తప్పుకోడానికి చోటుండదు. దాని వెనకే గడ్డి నుసి కళ్ళలో పడుతుంటే దేక్కుంటూ వెళ్ళాలి. మీటరులో వేడి చూపించే గీతలు ఒక్కొక్కటే పైకెక్కేవి. నా చూపు రోడ్డు మీద నిలిచేది కాదు, గీతల మీదే. ఆరో గీత దాటితే ఎర్రగా మెరిసేది. ఇక ఆపేసి, చల్లారేదాకా కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగేవాణ్ణి. ఎంత తిట్టినా బండి చల్లారదని నాకు తెలుసు, అయినా తిట్టేవాణ్ణి. మరిగి పొంగిపోయిన నీళ్ళకి బదులు, ఆగిన చోట ఏ గొట్టం కనబడితే ఆ నీళ్ళు పోసుకుని మళ్ళీ బయల్దేరేవాణ్ణి.

ఇంట్లో ఇంకో కుదురులేని మనిషి ఉన్నాడు. మావయ్య, అంటే మా ఆవిడ నాన్న. మేం ఆయన ఇంట్లోనే వెనక వాటాలో ఉంటాం. ఇల్లరికం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. మావయ్య ముప్పయ్యేళ్ళు గిలకలదిండి హార్బరులో మరబోట్ల ఇంజన్లు బాగుచేశాడు. డీజిలు ఇంజన్ల రొద మధ్య బతికి బతికి చెవులు పోయాయి. చెవి మిషను కొనిస్తే బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూతేశాడు. ఇంజను వినాల్సి వచ్చినప్పుడు స్క్రూడ్రైవరు కర్రపిడిని పళ్ళతో కరిచి, కొన ఇంజనుకి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. ఆ మోత ఎముకలోంచి వస్తుందట. నలుగురిలో అలా చేస్తే నాకు సిగ్గుగా ఉండేది.

చెవులు పోయాక బోట్లవాళ్ళు ఆయన్ని పిలవడం తగ్గించారు. వేసవిలో సముద్రం మీద వేట ఆపేసే రెండు నెలలే బోటు మెకానిక్కులకి పండగ. బోట్లన్నీ ఒడ్డుకొస్తాయి, ఇంజన్లన్నీ విప్పుతారు. పోయిన ఏడు ఆయన్ని ఒక్కరూ పిలవలేదు. ఆ రెండు నెలలూ రోజుకి నాలుగుసార్లు హార్బరు దాకా నడిచి వచ్చేవాడు. ఎందుకెళ్ళారు అని అడిగితే టీ తాగడానికి అనేవాడు. ఇంట్లో టీ ఉంటుంది.

ఈ ఏడు మాత్రం ఒక ఆశ కనబడింది. ఆయన దగ్గర ఒకప్పుడు పని చేయించుకున్న బోటు ఓనరు ఒకాయన వేట ఆపిన వారానికే ఇంటికొచ్చాడు. “ఇంజను మొత్తం విప్పాలండీ. మీ చేతి మీదే అయితే నాకు ధైర్యం. కానీ మా వాళ్ళు వద్దంటున్నారు, వినపడదు కదా అని. చూద్దాం, నాల్రోజుల్లో చెప్తాను” అన్నాడు. నేను మావయ్య చెవి దగ్గర ఆ మాటలు అరిచి చెప్పాను, వినపడదు కదా అన్నది తప్ప. మావయ్య తలూపి, ఓనరు వెళ్ళాక స్పానర్ల పెట్టె బయటికి తీసి ఒక్కొక్కటే కిరసనాయిల్లో కడిగాడు. ఆ ఇంజను వస్తే ఆయన మళ్ళీ మెకానిక్కు. రాకపోతే మా వీధిలో ఒక చెవిటి ముసలాయన. అది మాకందరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

సరిగ్గా ఆ నాల్రోజుల్లోనే నేను బండి మీద విసిగిపోయి పాత ఇనుముకి అమ్మేస్తానని ఇల్లు అదరగొట్టాను. మావయ్య వచ్చి రేడియేటరు వెనక వేలు పెట్టి తడిమాడు. “ఇక్కడ ఫ్యానుండాలి అల్లుడూ. పెడదాం. స్విచ్చి నీ చేతి దగ్గరే పెడతాను. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వేసుకో, రోడ్డెక్కి గాలి తగిలాక ఆపుకో” అన్నాడు. దానంతట అదే వేసుకుని ఆపుకునేది కంపెనీలో ఉంటుంది కదా అన్నాను. “అది కాలిపోతే నీకు తెలీదు. ఎప్పుడు వెయ్యాలో నడిపేవాడికి తెలియాలి” అన్నాడు. తర్వాత నా కళ్ళలోకి చూసి అడిగాడు. “ఏం నీళ్ళు పోస్తున్నావు ఇందులో?”

“మంచినీళ్ళే” అన్నాను.

చెరువు గట్ల మీద మంచినీళ్ళెక్కడివి? బోరు వేసినా ఉప్పే, కాలవ పట్టినా ఉప్పే. నిజం చెప్తే క్లాసు పీకుతాడు, ఆలస్యమవుతుంది. నాకు ఆలస్యం పడదు. నోటికొచ్చింది అనేశాను.

మర్నాడు ఇద్దరం గుడివాడ వెళ్ళాం, పాత బళ్ళ సామాన్లు అమ్మే కొట్టుకి. బండి వేడెక్కుతుందని తెల్లారగానే బయల్దేరాం. ఆయన వెనక కూర్చుని దారి పొడుగునా నా భుజం మీద తడుతూనే ఉన్నాడు, నెమ్మది నెమ్మది అని. కొట్టులో బుట్టెడు ఫ్యాన్లున్నాయి. నేను మొదట చేతికందింది తీసి ఇది చాలన్నాను. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో ఫ్యాను రెక్కని వేలితో తిప్పి, అది ఆగేదాకా చూసి, పక్కన పెట్టాడు. ఇరవై తిప్పాడు. కొట్టువాడు నా మొహం చూసి నవ్వి, “పెద్దాయన పెళ్ళి సంబంధం చూస్తున్నట్టున్నాడండీ” అన్నాడు. నేను నవ్వలేదు. చివరికి అంచులు మాసిపోయిన ఒక చిన్న ఫ్యాను చేతిలోకి తీసుకుని, “దీని బేరింగు బావుంది” అన్నాడు.

బిగించడానికి ఒక రోజంతా పట్టింది. ఇనుప పట్టీలు కోసి వంచి, రేడియేటరు వెనక రెక్కలు తగలకుండా నిలబెట్టాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి, స్విచ్చి నొక్కితే కరెంటు కలిపే రిలే, అక్కణ్ణుంచి ఫ్యాను. స్విచ్చి బోటు లైట్లకి వాడేది, తడిసినా ఏమీ కాదు. దాన్ని ఎడమ బొటనవేలికి అందేలా హ్యాండిలుకి కట్టాడు. తాళం తీసేస్తే ఫ్యాను కూడా ఆగిపోయేలా తీగ కలిపాడు. ఆపాక కూడా కాసేపు తిరిగితే మంచిది కదా అన్నాను. “మంచిదే. కానీ నువ్వు మర్చిపోతావు. బ్యాటరీ చచ్చిపోతుంది” అన్నాడు. స్విచ్చి పక్కన చిన్న ఎర్ర దీపం కూడా పెట్టాడు. అది నా కోసం కాదు. ఫ్యాను తిరిగే చప్పుడు ఆయనకి వినపడదు.

దీపాన్ని ఒక్కదాన్నే నమ్మలేదు. పేపరులోంచి సన్నటి ముక్క చింపి రేడియేటరు ముందు పట్టుకున్నాడు. అది రెపరెపలాడుతూ జాలీకి అతుక్కుంది. “గాలి ముందు నుంచి వెనక్కి లాగాలి. తీగలు తారుమారైతే ఎదురుగాలితో కొట్లాడుతుంది, నీలాగా” అన్నాడు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది.

పది రోజులు నా జీవితంలో గడ్డి ట్రాక్టర్లు లేవనిపించింది. ఉన్నాయి, కానీ స్విచ్చి వేస్తే నాలుగో గీత మూడుకి దిగేది. అదొక వ్యసనమైపోయింది. గీత ఎక్కినా దిగినా బొటనవేలు ఊరుకునేది కాదు. “ఊరికే టిక్కు టిక్కుమని నొక్కకు, రిలే పోతుంది” అని మావయ్య గేటు దగ్గరే చెప్పి పంపేవాడు. ఫ్యాను సంగతి వీధిలో తెలిసింది. బోటు ఓనరు చెవిన కూడా పడింది. నాల్రోజులన్న మనిషి రెండు వారాలైనా ఏ మాటా చెప్పలేదు, కానీ ఒకరోజు కబురు పెట్టాడు, సాయంత్రం వచ్చి ఆ ఫ్యాను పని చూస్తానని. మావయ్య పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఆ రోజు నేను నాగాయలంక వెళ్తున్నాను. “అయిదింటికల్లా వచ్చెయ్, ఆయన చూస్తానన్నాడు” అని రెండుసార్లు చెప్పాడు.

మూడింటికి మోపిదేవి దగ్గర బండి మరిగింది. స్విచ్చి వేసే ఉంది. దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, గీతలు మాత్రం దిగడం లేదు. ఆపాను, చల్లార్చాను, కదిలాను, మళ్ళీ మరిగింది. నాలుగోసారికి ఇంజను పట్టేసినట్టు మొండికేసింది. ఐసు కరిగిపోయి సీసాల్లో నీళ్ళు వెచ్చబడ్డాయి. ఒక రైతు ఫోను చేసి, మీ రిపోర్టు కోసం చెరువుకి మందు వెయ్యడం ఆపి కూర్చున్నానని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒక ట్రక్కు ఆటో మాట్లాడి బండిని తాళ్ళతో కట్టించి ఇంటికి చేరేసరికి ఆరైంది.

బోటు ఓనరు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన మావయ్య. ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులు. తాళ్ళతో కట్టిన బండి చూసి మావయ్య లేచి గేటు దాకా వచ్చాడు.

చెవిటివాళ్ళతో ఉండే చిక్కేమిటంటే, లోలోపల గొణుక్కోవాల్సిన మాట కూడా అరిచే చెప్పాలి. అది నాకు అలవాటైపోయింది. “చూడండి మీ ఫ్యాను! అది తిరుగుతుందో లేదో కూడా వినపడదు మీకు, మీరు చేసేదేం వైరింగు! ఉద్యోగం పోయేలా ఉంది నాకు!” అని అరిచాను. వీధి వీధంతా విన్నది. మా ఆవిడ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. మావయ్యకి ఎంత వినపడిందో తెలియదు, నా మొహం మాత్రం చూశాడు. బండి దింపించి, తాళం తిప్పి స్విచ్చి వేశాడు. దీపం వెలిగింది. పేపరు ముక్క పట్టుకుంటే జాలీకి అతుక్కుంది. దాన్ని అలాగే పట్టుకుని, చూపిద్దామని వరండా వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. టీ సగం అలాగే ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం వల్ల అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి మావయ్య రేడియేటరు విప్పి గచ్చు మీద పెట్టాడు. పై గొట్టం ఊడదీసి లోపల పుల్లతో గీకితే తెల్లటి పెచ్చులు రాలాయి. సన్నటి గొట్టాలు సగానికి పైగా పూడుకుపోయాయి. ఒక పెచ్చు తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. ఇంకో పెచ్చు నా అరచేతిలో పెట్టాడు. నేను నోట్లో వేసుకోలేదు. అవసరం లేకపోయింది.

“మంచినీళ్ళన్నావు” అన్నాడు.

నేను నేల చూపులు చూశాను. ఆయన అరవలేదు, మామూలుగానే చెప్పాడు. బోటు ఇంజనుకి సముద్రం నీళ్ళే పోతాయి, కానీ ఇటు నుంచి వచ్చినవి అటు వెళ్ళిపోతాయి. దీంట్లో పోసినవి లోపలే తిరిగి తిరిగి ఆవిరవుతాయి. నీళ్ళు పోతాయి, ఉప్పు ఉండిపోతుంది. “నువ్వు చెరువుల దగ్గర రోజూ చెప్పేది ఇదేగా?” అన్నాడు.

ఇదే. ఎండాకాలం నీళ్ళు ఎగిరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, చూసుకోండి అని ఊరూరా తిరిగి చెప్పేవాణ్ణి నేనే. ఉప్పెంతో చూసే పరికరం నా చొక్కా జేబులోనే ఉంటుంది. రెండు చుక్కలు దాని మీద వేసి కంటికి పెట్టుకుంటే చాలు. రైతుల నీళ్ళన్నీ చూసిన నేను నా బండిలో పోసేది ఒక్కసారి చూసుకోలేదు. అడిగినప్పుడైనా నిజం చెప్పలేదు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

స్నానం కూడా చెయ్యకుండా మా ఆవిడ స్కూటీ వేసుకుని హార్బరుకి వెళ్ళాను. బోటు ఓనరు ఒడ్డుకి లాగిన బోటు నీడలో నలుగురైదుగురితో కూర్చుని వల చూసుకుంటున్నాడు. పక్కకి పిలిచి చెప్దామనుకున్నాను. కానీ అరిచింది అందరిలో కదా. అందుకని అక్కడే, అందరూ వింటుండగానే చెప్పాను. “ఫ్యానులో తప్పు లేదండీ. వైరింగులో లేదు. నేనే చెరువుల దగ్గర ఉప్పునీళ్ళు పోసి రేడియేటరు పూడ్చుకున్నాను. మావయ్య ముందే అడిగితే మంచినీళ్ళని అబద్ధం చెప్పాను.”

వల కుట్టే ఒకాయన పకపకా నవ్వాడు. “నీళ్ళ పరీక్షల బాబు మీరేగా?” అన్నాడు. అవునన్నాను.

ఓనరు నవ్వలేదు. “అయ్యో, నిన్న రాత్రే ఇంకొకాయనకి మాటిచ్చేశానండీ. పొద్దున్నే ఇంజను దింపేశారు కూడా” అన్నాడు. వల పక్కన పెట్టి, “తప్పుగా అనుకోకండి. ఇంట్లో మనిషే అంతమాటంటే మేమేమనుకోవాలి చెప్పండి” అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉండేది. ఆ మాటలో ఊరంటే హార్బరు అని నాకు ఆ రోజు తెలిసింది.

ఇంటికొచ్చి మావయ్యకి చెప్పాను. గట్టిగానే చెప్పాలి కదా, వీధికి మళ్ళీ వినపడింది. తప్పు నాదే మావయ్యా, వెళ్ళి ఆయనకి చెప్పాను, కానీ పని ఇంకొకరికి ఇచ్చేశాడు అని. ఆయన మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో నా మీద కోప్పడటం అదే మొదటిసారి. “నిన్నెవరు వెళ్ళమన్నారు? నా పని కోసం నువ్వెళ్ళి అడుక్కుంటావా?” అన్నాడు. అడుక్కోలేదు, నిజం చెప్పానంతే అన్నాను. “ఆ నిజం నాకు చెప్పాల్సింది, అడిగిన రోజున” అని లోపలికి వెళ్ళి స్పానర్ల పెట్టె మంచం కిందకి తోసేశాడు.

రేడియేటరు మాత్రం ఆయనే బాగుచేశాడు. వేడి నీళ్ళు, ఆ తర్వాత చింతపండు నీళ్ళు, మళ్ళీ వేడి నీళ్ళు. మూడు రోజులు మాటలు లేవు, గచ్చు మీద నీళ్ళ చప్పుడే. నాలుగో రోజు నేను నాగాయలంక వెళ్ళి వచ్చాను. గట్ల మీద, ట్రాక్టర్ల వెనక, ఎర్రటి ఎండలో ఎక్కడా నాలుగో గీత దాటలేదు. ఆయన పనిలో ఏ లోపమూ లేదని తేలింది. చూడాల్సిన ఓనరే లేడు. వెనక డబ్బాలో ల్యాబు నుంచి తెచ్చుకున్న శుద్ధి చేసిన నీళ్ళు కట్టుకుని తిరుగుతున్నాను ఇప్పుడు. మావయ్య ఆ డబ్బా మూత తీసి రుచి చూసి గానీ పంపడు.

ఆ వేసవి అయ్యేవరకూ ఆయనకి ఒక్క ఇంజనూ రాలేదు. హార్బరుకి వెళ్ళడం కూడా మానేశాడు, టీకి కూడా. మా ఆవిడ అన్నం పెట్టేటప్పుడు గిన్నెలు గట్టిగా పెట్టేది. నాకు ఇంట్లో కూర్చోవడం, బయట తిరగడం రెండూ కష్టమయ్యాయి.

వేట మళ్ళీ మొదలైన రోజు పొద్దున్న బోట్లు బయల్దేరడం చూడ్డానికి ఊరంతా గట్టు మీదే ఉంది. మావయ్య తనంతట తనే వచ్చి బండి వెనక కూర్చున్నాడు. పద అన్నాడు. కొబ్బరికాయలు కొడుతున్నారు, పసుపు కుంకుమలు బోటు ముక్కుకి పూస్తున్నారు. ఒక్కో బోటు స్టార్టయి కాలవలోకి తిరుగుతోంది. ఆ ఓనరు బోటు కూడా కదిలింది. దాని ఇంజను ఇంకొకరు విప్పి బిగించింది.

మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. “ఎలా ఉంది దాని సౌండు?” అని అడిగాడు.

ఇంజన్ల సంగతి ఆయన నన్ను అడగడమే! నాకు తెలిసి ఆయన ఇంతవరకూ ఎవర్నీ అలా అడగలేదు. విన్నాను. ఎక్కడా తడబాటు లేదు, గుక్క తిప్పుకోకుండా నడుస్తోంది. బాగోలేదు, ఏదో కొట్టుకుంటోంది, మీరైతే ఇలా ఉండేది కాదు అని చెప్పాలని నాలిక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆయన మొహం ఎలా వెలుగుతుందో కళ్ళకి కట్టింది.

“బావుంది మావయ్యా. చాలా బావుంది” అని అరిచాను.

ఆయన బోటు వైపే చూస్తూ తలూపాడు.

“పొగ చూస్తే నాకూ తెలుస్తోందిలే. నువ్వేం చెప్తావోనని అడిగాను” అన్నాడు.